ఆసుపత్రి ఏ ఊరికి?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో చాలామంది మా హాస్టల్లో చదువుకున్నవాళ్లే. మిమ్మల్ని బాగున్నారా అనే అడుగుతాను.

ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. చేతులు కడుక్కోండి, దోమతెర కట్టుకోండి అని రోజూ చెప్తూనే ఉంటాను కాబట్టి ఈరోజు ఆ మాటలు వద్దు. ఆసుపత్రి ఎక్కడ కట్టాలో ఎవరు నిర్ణయిస్తారు, ఎలా నిర్ణయిస్తారు అన్నది మాట్లాడుకుందాం.

నేను బి.ఇడి. చదివే రోజుల్లో మా వైపు ఒక ఉపకేంద్రం వస్తుందన్నారు. మా ఊరు కొండ కింద, ఇంకో ఊరు గెడ్డ అవతల. మాకే కావాలని మావాళ్లు ఒక నాయకుడి దగ్గరికి, తమకే కావాలని వాళ్లు ఇంకో నాయకుడి దగ్గరికి వెళ్లారు. రెండేళ్లు అర్జీల మీద అర్జీలు. సంతలో ఎదురుపడినా పలకరించుకోలేదు. చివరికి భవనం రెండు ఊళ్లకీ రాలేదు. సిమెంటు లారీ వెళ్లగలిగే చోట, రోడ్డు పక్కన కట్టారు. ఆ తర్వాతి వానాకాలం గెడ్డ పొంగినప్పుడు అవతలి ఊరి అమ్మాయిని డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే ప్రసవం అయింది. బిడ్డ దక్కలేదు. ఆమె ఏడో తరగతిలో నా పక్కన కూర్చున్న పిల్ల. అధికారులను ఒక్కరినే అని లాభం లేదు. ఆ అర్జీల్లో ఒకటి నా చేతిరాతే.

పట్నంలో పోటీ వేరు. ఒకే వీధిలో పది ఆసుపత్రుల బోర్డులు ఉంటాయి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో కొత్త ఆసుపత్రి కట్టాలంటే అక్కడ దాని అవసరం ఉందని ప్రభుత్వం నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. న్యూయార్క్ 1964లోనే ఈ పద్ధతి మొదలుపెట్టింది. ఉన్న ఆసుపత్రులు వచ్చి, కొత్తది వద్దని అభ్యంతరం కూడా చెప్పొచ్చు. వాళ్ల బెంగ ఆసుపత్రులు ఎక్కువైపోతాయని. మన దగ్గర కడతామని వచ్చేవాడే లేడు. అందుకే పోటీ ఊళ్ల మధ్య పడుతోంది.

1/70 చట్టం వల్లే ప్రైవేటు ఆసుపత్రులు రావడం లేదని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆ చట్టం మన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపుతుంది, అంతే. గిరిజన డాక్టరు తన భూమిలో ఆసుపత్రి కట్టుకోవడానికి అది అడ్డు కాదు. గిరిజనులే సభ్యులుగా ఉన్న సొసైటీ కూడా భూమి తీసుకోవచ్చు. ప్రైవేటువాళ్లు రాకపోవడానికి కారణం మన జేబులే.

ఇక ప్రభుత్వ లెక్క చూడండి. గిరిజన, కొండ ప్రాంతాల్లో ఉపకేంద్రానికి 3,000 మంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 20,000, ముప్పై పడకల సామాజిక ఆరోగ్య కేంద్రానికి 80,000 మంది జనాభా ఉండాలి. మైదానంలో ఇవే 5,000, 30,000, 1,20,000. మనకు తగ్గించారు, మంచిదే. కానీ మన ఊళ్లలో నలభై ఇళ్లుంటాయి. ఊరికి 200 మంది అనుకుంటే 3,000 మందికి పదిహేను ఊళ్లు కావాలి. మధ్యలో కొండెంత, గెడ్డలెన్ని అన్నది ఆ లెక్కలో కనపడదు. తలలు లెక్కపెడతారు గానీ నడకను లెక్కపెట్టరు.

స్థలం విషయంలో మనకు తరచుగా వినపడే మాట "అది అటవీ భూమి, కుదరదు". 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(2) చదవండి. బడి, అంగన్‌వాడీ, రోడ్డు, మంచినీటి పైపులతో పాటు డిస్పెన్సరీ లేదా ఆసుపత్రి కోసం కూడా ప్రభుత్వం అటవీ భూమి ఇవ్వొచ్చు. ఒక్కోదానికి హెక్టారులోపు, అంటే సుమారు రెండున్నర ఎకరాల లోపు ఉండాలి. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు ఉండాలి. ఆ సిఫారసు రాయాల్సింది మీరు. నాయకుడి లెటర్‌హెడ్ మీద కాదు, గ్రామసభ రిజిస్టర్లో.

తమిళనాడు నీలగిరి కొండల్లో గూడలూరు అనే చోట ఆదివాసీ ఆసుపత్రి ఉంది. దాన్ని నడిపే అశ్విని అనే సంస్థ 1990లో మొదలైంది. అక్కడి ఆదివాసీ అమ్మాయిలకే నర్సింగ్ నేర్పించి పెట్టుకున్నారు. ఊళ్లు కలిసి అడిగితే ఎలా ఉంటుందో చూడాలంటే అక్కడికి వెళ్లిరండి. సంఘం ఒక బస్సు వేస్తే నేనూ వస్తాను, కిటికీ సీటు నాదే.

పోయిన నెల మా హాస్టల్ పిల్లలతో ఒక పని చేయించాను. ఒక్కొక్కరూ తమ ఊరి నుంచి దగ్గరి పడకల ఆసుపత్రికి ఎంత నడవాలో, ఎన్ని గెడ్డలు దాటాలో, వానాకాలంలో ఏ దారి మూసుకుపోతుందో రాశారు. కొందరు బొమ్మలు కూడా వేశారు. ఒక ఐదో తరగతి పిల్ల "అమ్మమ్మను మోస్తే ఎక్కువసేపు" అని రాసింది. ఏ రెండు ఊళ్లు కలిసి ఒకే చోటు అడగొచ్చో ఆ కాగితాలు చూస్తే తెలుస్తుంది. మా ఊరూ, గెడ్డ అవతలి ఊరూ అందులో ఉన్నాయి.

ఆ కట్ట ఇప్పుడు సంఘం కార్యదర్శి గారికి ఇస్తున్నాను. మీ ఊరి కాగితం లేకపోతే, భోజనాల తర్వాత నా దగ్గరికి వచ్చి రాసివ్వండి. పెన్నులు తెచ్చాను.