నేలసంపెంగ దుంపలను మార్చి నాటుట



నేఁడు నేను ముచ్చటింపఁదలఁచిన విషయము చిన్నది. కాని పెరటిలో నేలసంపెంగ మడి గల ప్రతివారికిని పనికివచ్చునది. సంతలో దీనినే లిల్లిపూలని యమ్ముచుందురు. మెక్సికో దేశము దీనికిఁ బుట్టినిల్లయినను, మన దేవతార్చనకును పెండ్లిపందిళ్లకును ఇది యిప్పుడు మన పువ్వే.

“మూఁడేండ్లు విరివిగాఁ బూచిన మడి పూయుట మానినది. ఆకు మాత్రము దట్టముగా నున్నది. ఏమి చేయవలెను?” అని పలువురు నన్నడుగుచుందురు. కొందఱు దిష్టి యందురు. కొందఱు దుంపలను పెల్లగించి పెంటకుప్పపైఁ బాఱవేయుదురు. కారణము దుంపలోనే యున్నది.

ఈ మొక్క కిత్తనారకు దాయాది. కిత్తనార యొక్కమాఱు పూచి నశించుట మీరెఱిఁగినదే. అట్లే నేలసంపెంగయందు ఒకసారి పూచిన దుంప మఱల పూవదు. తన చుట్టును పిల్లదుంపలను బెట్టును. తరువాతి పూఁత ఆ పిల్లలదే. ఏఁటేఁట సంతతి పెరుఁగఁగా గుంపు క్రిక్కిఱిసి, తగినంత చోటును ఆహారమును లేక దుంపలు సన్నగిల్లును. సన్నని దుంప ఆకు వేయును గాని పూకాడ నెత్తదు. కావున మూఁడేండ్ల కొకమాఱు వీనిని విడఁదీసి వేఱుకాపురము పెట్టింపవలెను.

ఇఁక కాలము. ఆకు పచ్చగా నున్నంతవఱకు దుంపను కదల్పరాదు. దుంపకు అన్నము వండిపెట్టునది ఆకే. శీతలదేశపు దుంపలకును ఇదే ధర్మము. శ్రీనగరపుఁ దోఁటలోని తులిప్ పూలు వసంతమున విరియును. వాని దుంపలను చలికి ముందు నాటుదురు. పూఁత ముగిసి ఆకు పండిన పిమ్మటనే త్రవ్వుదురు. వానికి చలి కావలెను గనుక మన యెండలలో అవి నిలువవు. మనము చైత్రమాసాంతమున నీరు మానిపించినచో నేలసంపెంగ ఆకు పసుపువన్నెకుఁ దిరుగును. అప్పుడు వైశాఖమున గుంపునకు జానెఁడు దూరమునఁ బాఱ వేసి, దుంపలు తెగకుండ గడ్డతో సహా పైకెత్తవలెను.

మన్ను దులుపవలెను గాని కడుగరాదు. మెత్తబడినవానిని, క్రుళ్లినవానిని వేఱు చేయవలెను. మంచివానిని గాలి యాడు నీడలోఁ బలుచగాఁ బఱచి, నెల దినములు విశ్రమింపనీయవలెను. ఈ విశ్రాంతివలనఁ బూఁత హెచ్చును. ఉసిరికాయంత దుంపలను పూలమడికి ఉంచుకొనుఁడు. అంతకన్నఁ జిన్నవానిని వేఱొక మడిలో నాటి, యొక యేఁడు పెంచుకొనుఁడు.

జ్యేష్ఠమాసాంతమునఁ దొలకరి పడఁగానే నాటుట మేలు. ప్రాఁత మడినే వాడరాదు. నులిపురుగు లచట నిలిచియుండును. వంగ, టమాట పండిన చోటును గూడ ఇందుకే వర్జింపుఁడు. బంతి పెంచిన చోటు మంచిది. నీరు నిలువని నేలను లోఁతుగా దున్ని, బాగుగాఁ జివికిన పశువుల యెఱువు కలుపుఁడు. జానెఁడు దూరమున కొక దుంపను, మొన పైకుండునట్లు, రెండంగుళముల లోఁతున నాటుఁడు. మొలక వచ్చువఱకుఁ దడి మితముగా నుండవలెను. అధికమైనచో దుంప క్రుళ్లును. ఇంచుమించు మూఁడు మాసములకుఁ బూకాడలు లేచును. అనఁగా దసరా పూజకు అందివచ్చును.

మా యూరి దేవాలయపుఁ దోఁటలో రెండేండ్లు పూయని మడి యొకటి యుండెను. అర్చకులవారు దానిని తీసివేయింపఁబూనఁగా, ఒక్క యేఁడు గడువడిగి నే నీ విధముగా మార్పించితిని. ఆ శరన్నవరాత్రములలో అమ్మవారికి బయటి పూలదండ కొనవలసిన పని లేకపోయినది. పాఱవేయఁబోయిన దుంపలే యవి.

మార్చునపుడు మిగిలిన దుంపలను మూలఁ బడవేయక యిరుగుపొరుగువారికిని, ఊరి పాఠశాలకును పంచిపెట్టుఁడు. పిల్లలచేత స్వయముగా నాటింపుఁడు. ఆకు పండువఱకు వేచియుండుట యెట్లో వారు పుస్తకమున నేర్వలేరు. మీ పెరటిలో నేర్తురు.