ఇంటి వద్ద మోటారు సైకిలు చక్రం విప్పుకోవడం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనందరికీ నకారా కేసు గుర్తుకొస్తుంది. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు పెన్షన్ అనేది దయాధర్మం కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. ఆ సంగతి నాకన్నా బాగా తెలిసిన వారు ఇంతకు ముందే మాట్లాడారు. కార్యదర్శి గారు నన్ను "మీకు తెలిసిన, పదిమందికీ పనికొచ్చే విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేసిన వాడికి తెలిసినవి రెండే. ఒకటి అడంగల్ రాయడం, రెండు బండి చక్రం విప్పడం. అడంగల్ ఇప్పుడు కంప్యూటర్లో ఉంటోంది. కనుక చక్రం గురించే మనవి చేస్తాను.

ఈ వయసులో మనకెందుకీ పని అని మీరు అడగవచ్చు. టైరు పంక్చరైతే నూరు కిలోల పైచిలుకు బండిని మైలు దూరం తోసుకుంటూ పోయే శక్తి మనకు లేదు. అదే చక్రం విప్పుకుంటే చంకన పెట్టుకుని ఆటో ఎక్కవచ్చు. పైగా మనది పత్తి, మిరప పండే నల్లరేగడి నేల. పత్తి కట్టె పీకకుండా నరికి వదిలేసిన చేలల్లో మోళ్ళు మేకుల్లా నిలబడి ఉంటాయి. డొంక దారుల్లో సర్కారు తుమ్మ ముల్లు దిగితే బయటి మొన విరిగిపోయి లోపలి ముక్క రబ్బరులోనే దాక్కుంటుంది. ఇక వాన పడిందంటే రేగడి మట్టి మడ్‌గార్డులో కూరుకుపోయి చక్రమే తిరగదు. పంట అజ్మాయిషీకి పోయిన ప్రతిసారీ పుల్లతో ఆ మట్టి గోకటం మా ఉద్యోగంలో భాగంగా ఉండేది.

గాలి టైరు వాడుకలోకి వచ్చిన కథ ఒక్క మాటలో చెబుతాను. బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే ఆయన తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి నింపిన రబ్బరు గొట్టాలు తయారుచేశాడు. ఆయన వృత్తి పశువైద్యం. ఒంగోలు గిత్తలను కట్టిన మన టైరు బండ్లు మిరప టిక్కీలు వేసుకుని పోతుంటే నాకు ఆ పశువుల డాక్టరు గుర్తుకొచ్చేవాడు.

మన బండ్ల టైర్లు అరిగి పోవు, ముసలివై పోతాయి. నెలకు నాలుగు సార్లు బ్యాంకుకీ, మందుల షాపుకీ తప్ప బండి బయటికి తీయం. గాట్లు కొత్తవిలాగే ఉంటాయి, పక్కన చూస్తే రబ్బరు బీటలు వారి ఉంటుంది. టైరుకు కూడా మన సర్వీసు రిజిస్టరులో లాగా పుట్టిన తేదీ ఉంటుంది, దిద్దటానికి వీల్లేదు. పక్క గోడ మీద నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. కొత్త టైరు కొనేటప్పుడు కూడా ఈ అంకెలు చూసే డబ్బివ్వండి.

ఇక పని. నేను చెప్పేది మా స్ప్లెండరు వంటి, డ్రమ్ము బ్రేకు, ట్యూబు టైరు ఉన్న బండ్ల వెనక చక్రం గురించి. చదునైన గచ్చు మీద సెంటరు స్టాండు వేయండి. ముందు చక్రానికి రెండు వైపులా ఇటుకలు పెట్టండి. ఇంకో మనిషి తప్పకుండా ఉండాలి. మనవడైనా సరే, ఎదురింటి వారైనా సరే. నట్టు బిగుసుకుపోయి ఉంటే స్పానరును కిందికి తొక్కినట్టు నొక్కాలి గాని పక్కకు గుంజకూడదు. గుంజితే బండి స్టాండు మీద నుంచి దూకుతుంది.

మొదట బ్రేకు కడ్డీ చివర ఉన్న నట్టు తిప్పి కడ్డీ వదులు చేయండి. స్ప్రింగునీ చిన్న గుండు పిన్నునీ మళ్ళీ ఆ కడ్డీకే తొడిగి నట్టు పెట్టేస్తే పోవు. తరువాత బ్రేకు ప్లేటును వెనక ఫోర్కుకు పట్టి ఉంచే ఇనప పట్టీ ఒకటి ఉంటుంది. దాని నట్టుకు అడ్డంగా స్ప్లిట్ పిన్ను ఉంటుంది. ఆ పిన్ను తీసి, నట్టు విప్పి, పట్టీ విడదీయండి. ఈ పట్టీ సంగతి మళ్ళీ వస్తాను. అప్పుడు ఇరుసు నట్టు. చైను వైపు లోపలగా ఇంకొక పెద్ద నట్టు కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోవద్దు. పళ్ళ చక్రాన్నీ చైనునూ ఫోర్కుకు పట్టి ఉంచేది అదే. ఇరుసును చెక్క సుత్తితో తట్టి లాగండి. ఇనప సుత్తితో కొడితే మర దెబ్బతింటుంది. పక్కనుండే గొట్టం ముక్క జారి పడుతుంది, అది ఏ వైపుదో గుర్తు పెట్టుకోండి. చక్రాన్ని చైను లేని వైపుకు జరిపితే రబ్బరు ముక్కల నుంచి విడివడుతుంది. రెండో మనిషి బండిని కాస్త వంచి పట్టుకుంటే చక్రం మడ్‌గార్డు కింద నుంచి బయటికి వస్తుంది.

డ్రమ్ములో బూడిదలాంటి పొడి ఉంటుంది. నోటితో ఊదకండి. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ కలిపేవారు, అది ఊపిరితిత్తులకు చేటు. తడి గుడ్డతో తుడవండి. షాపులో టైరు మారుస్తున్నప్పుడు దగ్గరే నిలబడి రిమ్ము లోపలి టేపు బాగుందో లేదో చూడండి. పాత టైరునే మళ్ళీ వేయిస్తే లోపల గుడ్డ పెట్టి తిప్పండి, విరిగిన ముల్లు ఉంటే గుడ్డ పట్టేస్తుంది. టైరు మీద బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే వైపుకు ఉండాలి. గాలి మా బండి పుస్తకం ప్రకారం ముందు 25 పౌండ్లు, వెనక ఒక్కరికి 28, ఇద్దరెక్కితే 41. చాలామంది ఇద్దరెక్కినా 28తోనే తిరుగుతారు.

ముందు చక్రం విప్పడం ఇంతకన్నా తేలిక. బిగించేటప్పుడు మాత్రం ఫోర్కు మీదున్న ముక్క బ్రేకు ప్లేటు గాడిలో కూర్చుందా లేదా చూసుకోవాలి. డిస్కు బ్రేకులు, ఏబీఎస్ ఉన్న కొత్త బండ్లు పిల్లలు కొనుక్కుంటే వాటి జోలికి నేను పోను, మిమ్మల్నీ పోవద్దంటాను.

ఇప్పుడా పట్టీ సంగతి. బ్రేకు తొక్కినప్పుడు షూలు డ్రమ్మును పట్టుకుంటాయి. డ్రమ్ముతో పాటు బ్రేకు ప్లేటు కూడా తిరగబోతుంది. తిరగకుండా ఆపేది ఆ పట్టీ ఒక్కటే. 1996లో నాకు మోటారు సైకిలు అడ్వాన్సుతో కొన్న సీడీ 100 ఉండేది. శివరాత్రి ముందు ఒక ఆదివారం చిలకలూరిపేటలో మా ఇంటి వసారాలో వెనక చక్రం విప్పి, టైరు మార్పించుకొచ్చి బిగిస్తున్నాను. పట్టీ నట్టు చేత్తో తిప్పి వదిలానో లేదో, ఆఫీసు నుంచి బంట్రోతు వచ్చాడు, అర్జంటు ఫైలు కావాలని. చేతిలో ఉన్న స్ప్లిట్ పిన్ను చొక్కా జేబులో వేసుకుని వెళ్ళాను. సాయంత్రం వచ్చి మిగతావి బిగించాను, ఇది బిగించానన్న భ్రమలో ఉండిపోయాను.

నాలుగు రోజుల తరువాత మా ఆవిడను ఎక్కించుకుని కోటప్పకొండ బయలుదేరాను. కొండ ఇంకా రెండు మైళ్ళుందనగా గేదె అడ్డం వస్తే బ్రేకు తొక్కాను. పట్టీ ఊడింది, ప్లేటు తిరిగింది, కడ్డీ మెలిపడి చక్రం పట్టేసింది. ఇద్దరం రోడ్డు పక్క కల్లంలో ఎండబోసిన మిరపకాయల మీద పడ్డాం. నాకు మోచేయి గీసుకుపోయింది. ఆమెకు కుడి మణికట్టు విరిగింది. కల్లం కాపలా వాళ్ళు నీళ్ళు పోసి మమ్మల్ని ఆస్పత్రికి పంపారు.

పరామర్శకు వచ్చిన వారందరికీ నేను "టైరు షాపు కుర్రాడు నట్టు సరిగ్గా బిగించలేదు" అని చెప్పాను. ఆ కుర్రాడు నా బండిని చూడనైనా లేదు, నేను చేతికిచ్చిన చక్రానికి టైరు వేసి ఇచ్చాడంతే. ఆ మాట మా వీధంతా పాకింది. మా ఆఫీసు వాళ్ళు అతని దగ్గరికి పోవడం మానేశారు.

రెండేళ్ళ తరువాత ఒకనాడు మా ఆవిడ పోపుల పెట్టెలోంచి చిన్న పిన్ను తీసి నా ముందు పెట్టింది. "ఆ ఆదివారం నాటి చొక్కా ఉతుకుతుంటే జేబులో దొరికిందండీ. ఏమిటో తెలియక దాచాను. పడిన తరువాత తెలిసింది" అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడగడానికి నాకు నోరు రాలేదు. మర్నాడే షాపుకు వెళ్ళాను. అతను అంతకు ఏడాది ముందే షాపు ఎత్తేసి హైదరాబాదు వెళ్ళిపోయాడని పక్క కొట్టు వాళ్ళు చెప్పారు. చిరునామా ఎవరికీ తెలియదు. ఆ తప్పు నాదేనని నలుగురిలో చెప్పడం ఇదే మొదటిసారి. మా ఆవిడ ఆ మూడో వరుసలోనే కూర్చుని ఉన్నది. ఆమెకు ఇప్పటికీ చలికాలంలో ఆ చెయ్యి లాగుతుంది.

అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి చెప్పి ముగిస్తాను. విప్పిన ప్రతి నట్టూ, పిన్నూ, వాషరూ ఒక స్టీలు పళ్ళెంలో వేస్తాను. బండి తాళంచెవి కూడా అదే పళ్ళెంలో అడుగున పెడతాను. పళ్ళెం ఖాళీ అయితే గాని చెవి తీయను. మధ్యలో ఎవరు పిలిచినా, తాసిల్దారు గారే వచ్చినా, పళ్ళెం అక్కడే ఉంటుంది. స్ప్లిట్ పిన్ను పాతది మళ్ళీ వాడను, కొత్తది చాలా చవక. అన్నీ బిగించాక చక్రం చేత్తో తిప్పి చూస్తాను. చైను బిగువు, రెండు వైపులా గుర్తులు సమానంగా ఉన్నాయా, బ్రేకు తొక్కితే దీపం వెలుగుతోందా చూస్తాను. తరువాత ఒక్కడినే, వెనక ఎవరినీ ఎక్కించుకోకుండా, వీధి చివరి దాకా నెమ్మదిగా పోయి రెండు మూడు సార్లు బ్రేకు వేసి వస్తాను. వచ్చాక ఆ పట్టీ నట్టు, పిన్ను మరోసారి చూస్తాను.

మీలో ఎవరికైనా ఈ పని దగ్గరుండి చూడాలని ఉంటే వచ్చే ఆదివారం ఉదయం ఎనిమిదికి మన సంఘం ఆవరణలో నా బండి వెనక చక్రం విప్పుతాను. టైరు తయారైన తేదీ పాతబడింది, ఎలాగూ మార్చాలి. స్పానర్లు నావే, పళ్ళెం నాదే. బండి వంచి పట్టుకునేందుకు ఒకరు కావాలి. సెలవు.