చికిత్సానంతర నివాసము – మన సంఘ కర్తవ్యము
(తిరుమలలో జరిగిన వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



విద్యార్థి వేతనములు, వసతిగృహములు, వివాహ పరిచయములు – ఇవన్నియు ఈ సభయందు చర్చింపబడినవి. మనము నోరెత్తి చెప్పుకొనుటకు జంకు విషయ మొకటి విన్నవింప దలచితిమి. మతి చలించి, వైద్యముచే తేరుకొనుచున్న మనవారు ఎచట నివసింపవలెను?

2015–16 నాటి జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారము వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మానసిక రుగ్మత కలదు. కావున ఇది పరుల యింటి మాట గాదు. కొండ క్రింద తిరుపతి రుయా ఆసుపత్రియందు చికిత్స లభించుచున్నది. ఔషధములచే భ్రాంతి తగ్గును; నిద్ర కుదురును. కాని వేళకు లేచుట, మందు మఱవకుండుట, పదిమందితో మాటలాడుట, రూపాయి లెక్క చూచుకొనుట – ఇవి అభ్యాసముచేతనే మరల రావలెను. అందులకై ఆసుపత్రికిని ఇంటికిని నడుమ మజిలీవంటి గృహ మొకటి కావలెను. దానినే హాఫ్‌వే హోమ్ అందురు. అచట కొలదిమంది కలసి వండుకొనుచు, చేతనైన పని నేర్చుకొనుచు, పర్యవేక్షకుల తోడుతో కొన్ని మాసములు గడిపి ఇండ్లకు మరలుదురు.

చెన్నపట్టణమున డాక్టరు శారదా మేనన్ గారు 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ ఈ మార్గమును చూపినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఇట్టి గృహములను రోగుల హక్కులలో జేర్చినది. ఇంటివారు స్వీకరింపలేదను కారణమున ఎవ్వరిని ఆసుపత్రియందే ఉంచరాదన్నది. గొలుసులతో బంధించుటను నిషేధించినది. బంధనముల ఫలము తమిళనాడునందలి ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న లోకమునకు తెలిసినది. స్వస్థత గోరి ఆ పుణ్యస్థలమునకు కొనిరాబడి, గొలుసులతో కట్టబడిన 28 మంది అగ్నికి ఆహుతియైరి. దైవమును నమ్ముట దోషము గాదు. దైవమున కప్పగించితిమని మనిషిని విడిచిపోవుట దోషము.

మనవారిని ఇంట దాచుటకు హేతువేమి? అన్నకు మతి చెడెనని తెలిసినచో చెల్లెలికి సంబంధము రాదను భయము. ఈ భయమును పుట్టించినవారు సర్కారువారు గారు, వైద్యులు గారు. సంబంధములు విచారించు మనమే. తొలగింపగలవారమును మనమే.

యాత్రికులకై కులసంఘములు ఈ క్షేత్రమున సత్రములు కట్టినవి. రేయి బసకు చూపిన ఔదార్యమును కొన్ని మాసముల బసకు చూపలేమా? సభవారిని మేము కోరునవి మూడు. మొదటిది, తిరుపతిలో ఆసుపత్రికి చేరువగా పదిమందికి సరిపడు గృహమును, స్త్రీలకు వేఱుగ వసతితో నెలకొల్పి, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థయందు నమోదు చేయింపవలెను. రెండవది, రోగమునకు కులము లేదు గావున, ప్రవేశమునకును కులభేదము ఉండరాదు. మూడవది, తోబుట్టువుల రుగ్మతను కారణముగ జూపి ఏ సంబంధమును త్రోసిపుచ్చరాదని ఈ సభయందే తీర్మానింపవలెను.

మొదటి రెంటికి ధనము కావలెను. మూడవదానికి కాసైనను అక్కఱలేదు. కావున దానిని నేడే ఆరంభింపుడని ప్రార్థించుచున్నాము.