ఎంబ్రాయిడరీ యంత్రమున పువ్వు తప్పుట: కారణములు, పరీక్షలు



చీరతోపాటు వచ్చు రవికగుడ్డ ఒక్కటే. దానిని చీరనుండి కత్తిరించి ఎంబ్రాయిడరీకి ఇచ్చిన పిదప పని చెడినచో, ఆ రంగు, ఆ నేత, ఆ అంచు గల రెండవ గుడ్డ అంగడిలో దొరకుట దుర్లభము. పెండ్లి ముహూర్తము దానికొరకు ఆగదు. ఇచ్చినవారికి గుడ్డ నష్టము. కుట్టినవారికి కూలి నష్టము, అంతకుమించి పేరు నష్టము. నేడు గ్రామములలో సైతము కంప్యూటరు ఎంబ్రాయిడరీ యంత్రములు వెలసినవి. అప్పుచేసి యంత్రము కొని, దాని రాబడితోనే వాయిదాలు కట్టుచున్న కుటుంబములున్నవి. అట్టివారికి పువ్వు తప్పుట అనునది కేవలము అందమునకు సంబంధించిన విషయము కాదు. కూటికి సంబంధించిన విషయము.

పువ్వు తప్పుట యనగా, నింపిన రంగు ఒకచోటను, దాని చుట్టు రావలసిన అంచుగీత వేరొకచోటను పడుట. నెమలి కంఠము నీలిదారముతో చక్కగా నిండును. ఆ పిదప వచ్చు జరీగీత కంఠమును విడిచి ప్రక్కగా పోవును. నడుమ గుడ్డ బయటపడి వెలితిగా కనబడును. అట్టి సమయమున పెక్కుమంది ముందుగా దారపు బిగువు మరను త్రిప్పుదురు. పిదప యంత్రమును నిందింతురు. తుదకు డిజైను ఇచ్చినవానిని నిందింతురు. యథార్థమేమనగా, దోషము తరచుగా గుడ్డలోను, గుడ్డను బిగించిన తీరులోను ఉండును. ఆ వెలితి యొక్క ఆకారమే దాని కారణమును చెప్పును. మర త్రిప్పుటకు ముందు వెలితిని చదువ నేర్వవలెను.

ఇందుకు యంత్రము యొక్క స్వభావమును కొంత తెలిసికొనుట అవసరము. మగ్గం వర్కు చేయువారు నాలుగు కర్రల నడుమ గుడ్డను బిగించి, సూదిని చేతితో నడుపుదురు. అచ్చట గుడ్డ కదలదు, సూది కదలును, కన్ను దానిని అనుసరించుచుండును. గుడ్డ కొంచెము ముడుచుకొన్నను కన్ను కనిపెట్టును, చేయి సవరించును. యంత్రమున ఇది తలక్రిందులు. 1828లో ఆల్సేస్ సీమలోని మ్యూలూజ్ పట్టణమున జోషువా హైల్మన్ ఎంబ్రాయిడరీ యంత్రమును నిర్మించెను. పటము గీతలవెంట పనివాడు ఒక మొనను నడుపగా, పాంటోగ్రాఫ్ అను కీలుచట్రము గుడ్డను కదల్చుచుండెను. 1863లో స్విట్జర్లండు దేశీయుడు ఐజాక్ గ్రోబ్లి, నేతగాని నాడెవంటి చిన్నపడవను చేర్చి, ఎడతెగని దారముతో కుట్టు యంత్రమును కల్పించెను. పిదప పనివాని చేతికి బదులు రంధ్రముల పట్టీలును, తరువాత కంప్యూటరును వచ్చినవి. కాని మూలసూత్రము మారలేదు. సూది ఉన్నచోటనే పైకి క్రిందికి ఆడును. గుడ్డయే చట్రముతో కూడ కదలును.

సామాన్య యంత్రము గుడ్డను చూడదు, అడుగులు లెక్కించును. ఎడమకు ఇంత, ముందుకు ఇంత అని మిల్లీమీటరులో పదవ వంతు వరకు లెక్కించి చట్రమును నడుపును. చట్రము సరిగానే పోయినను, దానిలోని గుడ్డ వెంట రానిచో యంత్రమునకు తెలియదు. అంచుగీత కుట్టు దారము మందము అర మిల్లీమీటరునకు లోపే గనుక, ఆపాటి జరుగుడునైనను కన్ను పట్టుకొనును.

ఇక వెలితిని చదువు విధము. ఒక గుండ్రని పువ్వును తలచుకొనుడు. దానిలో కుట్లు ఎడమనుండి కుడికి అడ్డముగా నిండినవి. ప్రతి కుట్టును తన రెండు కొనలను దగ్గరకు లాగును. వందల కుట్లు అట్లు లాగగా, గుండ్రని పువ్వు అడ్డముగా సన్నబడి, నిలువుగా కొంచెము సాగును. పిదప వచ్చు గీత మాత్రము లెక్క ప్రకారము గుండ్రముగానే తిరుగును. అందుచేత ఎడమ కుడి ప్రక్కలు రెండింటను వెలితియు, పైన క్రింద గీత నింపుపైకెక్కుటయు కనబడును. ఎదురెదురుగా రెండు ప్రక్కల వెలితి యున్నచో అది కుట్ల లాగుడు.

ఒక ప్రక్క వెలితియు, దానికెదుటి ప్రక్క గీత నింపుపైకెక్కుటయు ఉన్నచో, గుడ్డ చట్రములో జారినదని గ్రహింపవలెను. ఒకచోటు వరకు అంతయు సరిగా ఉండి, అచ్చటినుండి మిగిలిన పనియంతయు ఒకే కొలతతో ప్రక్కకు పోయినచో, చట్రము గోడకో, బల్లపై వస్తువునకో తగిలి యుండును. లేదా వ్రేలాడు గుడ్డ ఎచ్చటనో చిక్కుకొని వెనుకకు లాగి యుండును. పువ్వు తనలో తాను చక్కగా ఉండి, రవిక నడుమకు మాత్రము రానిచో, దోషము కుట్టుది కాదు, గుర్తు పెట్టుటలోనిది. ఈ నాలుగింటికి మందులు వేరు. ఒకదాని మందు వేరొకదానికి వేసినచో రోగము ముదురును.

మొదట చూడవలసినది గుడ్డ. బిగించుటకు ముందు దానిని ఇస్త్రీ చేసి, పడుగు పేకల వెంట సుద్దతో నిలువుగీత, అడ్డగీత గీయవలెను. చట్రములో బిగించిన పిదప ఆ గీతలు తిన్నగా, ఒకదానికొకటి లంబముగా ఉన్నవా యని చూడవలెను. గీతలు విల్లువలె వంగినచో గుడ్డ సాగినదన్నమాట. సాగిన గుడ్డపై కుట్టినది చట్రము విప్పగానే ముడుచుకొనును. గుడ్డ డప్పుమూతవలె బిగువుగా ఉండవలెను గాని, మర బిగించిన తరువాత మూలలు పట్టి లాగరాదు. పట్టు, క్రేపు వంటి జారుడు గుడ్డలకు చట్రపు లోపలి వలయమునకు నూలుపట్టీ చుట్టినచో పట్టు కుదురును. బరువైన గుడ్డను బల్ల అంచునుండి వ్రేలాడనీయక, బల్లపైననే పరచి ఉంచవలెను.

రెండవది అడుగుగుడ్డ. పైగుడ్డ పలుచనైన కొలది అడుగుగుడ్డ బలముగా ఉండవలెను. దానిని చిన్నముక్కగా చింపి క్రింద దూర్చుట పలువురు చేయు పొదుపు. కాని అది చట్రపు పట్టులోనికి నలుదిక్కుల రానిచో దాని ఆధారము చాలదు. అల్లిక గుడ్డలు సాగును గనుక వాటికి కత్తిరించి వదలునది, అనగా కుట్టు క్రింద నిలిచియుండునది వాడవలెను. గట్టి నేతగుడ్డకు చింపి తీయునది సాధారణముగా చాలును.

మూడవది సూదియు, దారమును. మొన మొండియైన సూది గుడ్డను గ్రుచ్చక త్రోయును. సందేహము కలిగిన వెంటనే సూది మార్చుట మేలు. దాని వెల రవికగుడ్డ వెలలో ఏపాటిది? దారపు బిగువు తెలియుటకు శాటిన్ కుట్టు వెనుకభాగము చూడవలెను. నడుమ మూడవవంతు బాబిన్ దారమును, ఇరుప్రక్కల పైదారమును కనబడినచో బిగువు సరియైనదే. పైదారము అతిగా బిగిసినచో లాగుడు హెచ్చి వెలితి పెరుగును. జరీదారము వేయునపుడు వేగము తగ్గింపవలెను.

నాలుగవది డిజైను. నేర్పరి డిజైనుదారు లాగుడును ముందే ఊహించి, నింపును గీత క్రిందికి 0.2 మొదలు 0.4 మిల్లీమీటరు వరకు అదనముగా చొప్పించును. నింపుటకు ముందు గుడ్డను అడుగుగుడ్డకు అతుకు పలుచని పునాదికుట్టు వేయించును. పువ్వులన్నియు నింపి, గీతలన్నియు చివరకు వదలినచో, నడుమ జరిగిన చిన్నచిన్న కదలికలన్నియు పోగై చివరి గీతమీద పడును. ఒక్కొక్క పువ్వును నింపిన వెంటనే దాని గీత ముగించుట మేలు. డి.ఎస్.టి. వంటి కుట్లఫైలును పదింట ఒకపాలు మించి పెంచుటయు తగ్గించుటయు మంచిది కాదు. కొలత తగ్గినను కుట్ల సంఖ్య తగ్గనిచో, అవి ఒకదానిపై నొకటి క్రిక్కిరిసి గుడ్డను లాగివేయును.

యంత్రమును అనుమానించుటకు చివర వంతు. దానికి సులభమైన పరీక్ష యొకటి కలదు. దళసరియైన గట్టి నూలుగుడ్డను, రెండుపొరల అడుగుగుడ్డతో బిగించి, ఒక చతురస్రమును ఒంటికుట్టుతో మూడుమార్లు ఒకే గీతపై కుట్టింపవలెను. మూడు చుట్లును ఒకదానిపై నొకటి పడినచో యంత్రము నిర్దోషి. పడనిచో చట్రమును పట్టియుంచు మరలు వదులైనవేమో ముందు చూచి, అప్పటికిని కుదరనిచో మెకానిక్కును పిలువవలెను. ఈ పరీక్ష చేయక పిలిచినచో కూలి దండుగ కావచ్చును.

రవిక మెడ చట్రముకంటె పెద్దదైనపుడు రెండుమార్లు బిగింపవలసి వచ్చును. అప్పుడు మొదటి భాగముతోపాటు అతుకుచోట రెండు చిన్న కూడిక గుర్తులు కుట్టించి, రెండవమారు బిగించిన పిదప సూదిమొన ఆ రెండు గుర్తులపైనను సరిగా దిగునా యని చేతితో చక్రము త్రిప్పి చూడవలెను. ఒక్క గుర్తు చాలదు. ఒక్క మేకుకు తగిలించిన పటము ఎటైనను తిరుగును గదా!

పని ముగిసిన వెంటనే చట్రము విప్పుట పొరపాటు. విప్పకముందే ప్రతి గీతను పరీక్షింపవలెను. గుడ్డ చట్రములో ఉన్నంతవరకు, వెలితి యున్నచోట మరికొంత నింపుకుట్టుగాని, వెడల్పైన గీతగాని వేయుటకు వీలుండును. విప్పిన పిదప ఆ స్థానము తిరిగి దొరకుట కడుకష్టము. అప్పుడు కుట్లు విప్పదీసినచో పట్టుపై సూదిరంధ్రములు మిగులును. దానికంటె వెలితిపై పూసలో, చమ్కీలో చేతితో కుట్టి కప్పుట మేలు. కాని గుడ్డ యజమానురాలికి ఉన్న సంగతి చెప్పి, ఆమె సమ్మతితో చేయవలెను. పేరు నిలుచుట అచ్చటనే.

చివరగా ఒక నియమము. ఒక్కమారు ఒక్కదానినే మార్చవలెను. సూది, బిగువు, అడుగుగుడ్డ, వేగము అన్నియు ఒకేమారు మార్చి, పువ్వు కుదిరినచో, ఏది కుదిర్చినదో తెలియదు. మరునాడు మరల మొదటికే రావలసి వచ్చును. మారిన ప్రతిమారు తునక గుడ్డపై కుట్టి, ఆ తునకను ఒక పుస్తకములో అంటించి, ప్రక్కనే గుడ్డ పేరు, అడుగుగుడ్డ పొరలు, సూది సంఖ్య, వేగము, ఫలితము వ్రాసి ఉంచవలెను. కుదిరినవానితోపాటు కుదరనివానిని కూడ అంటింపవలెను. నేర్పునది తరచుగా అవియే.

ఇరువదియైదు వత్సరములుగా ఈ గ్రంథాలయము ఎందరో వ్రాసి ఉంచిన అనుభవమును గ్రామమునకు అందించినది. కుట్టుపని చేయు ప్రతి ఇంట అట్టి తునకల పుస్తకమొకటి పెరిగి, దాని ప్రతియొకటి ఈ బీరువాలో చేరినచో, రేపు క్రొత్తగా యంత్రము కొన్న యువతి తన మొదటి పాఠమును ఒకరి పెండ్లి రవికపై నేర్చుకొనవలసిన అవసరముండదు.