పట్టు మీద బొమ్మ: రఘురాజపురంలో మూడు రోజులు



మా ఇంటి వీధిగదిలో గోడకు ఒక చిన్న బొమ్మ ఉంది. జానెడు వెడల్పు, మూరెడు పొడుగు ఉన్న దసలి పట్టు ముక్క. దాని మీద రెండు చేపలు, చుట్టూ అంచు. ఇంటికి వచ్చినవాళ్లు ఎవరూ “ఇది ఎక్కడ కొన్నారండీ?” అని అడగరు. ఒక చేప కన్ను పైకి, రెండో చేప కన్ను కిందికి చూస్తూ ఉంటాయి మరి. ఒక తోక దగ్గర పెసరగింజంత నల్లమచ్చ కూడా ఉంది. అందుకని, “ఎవరు వేశారండీ?” అని అడుగుతారు. నేనే వేశాను. నలభై ఆరేళ్ల వయసులో, ఒక ముసలాయన పక్కన చాప మీద కూర్చుని నేర్చుకుంటూ వేశాను. ఆ మూడు రోజుల సంగతే ఈవేళ మీతో చెప్పాలని వచ్చాను.

నేను బరంపురంలో ఉపాధ్యాయినిని. బడిలో ఒడియాలో పాఠం చెబుతాను, ఇంట్లో తెలుగు మాట్లాడతాను. 1936లో ఒడిషా వేరు రాష్ట్రం అయ్యేదాకా గంజాం మద్రాసు రాజధానిలో ఉండేది కాబట్టి, ఈ రెండు భాషల కాపురం మా ఇళ్లలో కొత్తదేమీ కాదు. వింటున్న మీలో చాలామంది ఇళ్లలోనూ ఇంతే కదా.

కిందటి డిసెంబరు సెలవుల్లో మా అత్తగారిని జగన్నాథస్వామి దర్శనానికి పూరీ తీసుకెళ్లాను. దర్శనమయ్యాక ఆవిడ, “నేను నాలుగు రోజులు ఈ ధర్మశాలలోనే ఉంటానే అమ్మాయ్, రోజూ గుడికి వెళ్తాను. నువ్వు ఎక్కడికైనా తిరిగి రా” అన్నారు. అలా రఘురాజపురం వెళ్లాను. పూరీ నుంచి భువనేశ్వర్ వెళ్లే దారిలో చందన్‌పూర్ దగ్గర దిగి, అక్కడ ఆటో ఎక్కితే కాసేపట్లో ఊరు వస్తుంది. భార్గవీ నది పక్కన, కొబ్బరి తోటల మధ్య ఉన్న చిన్న ఊరు. ఎదురెదురుగా రెండు వరసల ఇళ్లు, మధ్యలో చిన్న చిన్న గుళ్లు. ప్రతి ఇంటి గోడ మీదా బొమ్మలే. ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు వంగి కూర్చుని గీస్తూ ఉంటారు. ఒడిస్సీ నృత్యగురువు కేలుచరణ్ మహాపాత్ర పుట్టిన ఊరు ఇదే. 2000లో దీన్ని వారసత్వ గ్రామంగా గుర్తించారు.

ఈ ఊరి పటచిత్రాల పేరు మీరు వినే ఉంటారు. జ్యేష్ఠ పూర్ణిమనాడు స్నానం చేసిన తర్వాత జగన్నాథ, బలభద్ర, సుభద్రలకు జ్వరం వస్తుందని పదిహేను రోజులు దర్శనం ఉండదు. ఆ రోజుల్లో మూలవిగ్రహాల బదులు గుడ్డ మీద వేసిన పటాలకు పూజ జరుగుతుంది. చిత్రకారుల కులవృత్తికి ఆ సేవే ఆధారం.

పటం తయారీ పెద్ద పని. పాత నూలుగుడ్డలు రెండు పొరలుగా చింతగింజల జిగురుతో అతికిస్తారు. దాని మీద సుద్దపొడి జిగురులో కలిపి పూస్తారు. ఎండాక ముందు గరుకురాయితో, తర్వాత నున్నని రాయితో రుద్దుతారు. అప్పుడది తోలులాగా గట్టిపడి, రంగు పైపైనే నిలుస్తుంది. దసలి పట్టు మీద ఈ పూత ఉండదు. తేనెరంగులో ఉండే ఆ గుడ్డ అందమే కనబడాలి కాబట్టి, బొమ్మను నేరుగా దారం మీదే వేస్తారు.

బరంపురం వాళ్లకు పట్టు సంగతి చెప్పక్కర్లేదనుకున్నాను నేను. మన ఊరి పట్టు మల్బరీ ఆకు తిన్న పురుగు ఇచ్చేది. దసలి పురుగు మద్దిచెట్ల మీద అడవిలో పెరుగుతుంది. దాని దారం కొంచెం గరుకు, నేతలో ఎగుడుదిగుళ్లుంటాయి. మయూర్‌భంజ్, కేంఝర్ వైపు పెంచుతారు, గోపాలపురంలో నేస్తారు. మన సముద్రతీరపు గోపాలపురం కాదండోయ్, జాజ్‌పూర్ జిల్లాలోది. పట్టు చీరలు కట్టి, బీరువాలో దాచి, కూతురికి పెట్టిన నాకు ఈ సంగతులు అక్కడే తెలిశాయి.

ఒక అరుగు మీద డెబ్బై దాటిన పెద్దాయన కనిపించారు. “మౌసా, నాకు నేర్పుతారా?” అని ఒడియాలో అడిగాను. మౌసా అంటే మన బాబాయిలాంటి పిలుపు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “ఎన్ని రోజులు?” అన్నారు. మూడు అన్నాను. నవ్వారు. “మూడు రోజుల్లో బొమ్మ రాదు. అంచు వస్తుంది” అన్నారు.

మొదటి రోజంతా అంచే. ఒడియాలో ధడి అంటారు. ఏ బొమ్మకైనా ముందు ధడి కట్టి, ఆ తర్వాతే లోపలికి వెళ్లాలట. పాత నూలుగుడ్డ ఇచ్చి, ఒకే గీత, ఒకే ఆకు, ఒకే పువ్వు, మళ్లీ మళ్లీ వేయించారు. మధ్యాహ్నానికి నా నడుము పట్టేసింది. మన పట్టుచీరల కుంభం అంచు ఆ వరసలో కనబడేసరికి మాత్రం ప్రాణం లేచివచ్చింది.

ఆ మధ్యలో రంగులు చూపించారు. తెలుపు శంఖం పొడి నుంచి. నలుపు దీపపు మసి నుంచి. ఎరుపు ఇంగిలీకం, పసుపు హరిదళం. ఇవి కలిసి నిలవడానికి వెలగచెట్టు బంక. సన్నగీతకు ఎలుక వెంట్రుకల కుంచె, లావుగీతకు మొగలివేరు కుంచె. మొగలిపూలకు పేరుపడ్డ గంజాం నుంచి వెళ్లి, ఆ వేరుతో కుంచె చేస్తారని నలభై ఆరో ఏట తెలుసుకున్నాను. ఇక్కడ తల్లులకు ఒక మాట. ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది, హరిదళంలో సంఖం పాషాణం ఉంటుంది. కుంచె మొన నోట్లో పెట్టి సన్నం చేసే అలవాటు పిల్లలకు ఉంటే మాన్పించండి. ఇప్పుడు చాలామంది సీసా రంగులు కూడా వాడుతున్నారు. నేర్చుకునేవాళ్లకు అవే మేలు.

రెండో రోజు పట్టు ముక్క చేతికిచ్చారు. పెన్సిలుతో పలచగా రెండు చేపలు గీసుకున్నాను. రంగు నింపాను. ఇక నల్లగీత. కుంచె నిండా నలుపు ముంచి, బడిలో నల్లబల్ల మీద రాసినట్టు నొక్కి ఒక్క గీత లాగాను. అంతే. తోక దగ్గర బొట్టు నిలబడింది. చూస్తూ ఉండగానే దారాల వెంట పాకడం మొదలుపెట్టింది. నేను కంగారుగా తడిగుడ్డ అందుకున్నాను. మౌసా చెయ్యి అడ్డుపెట్టి, “ధీరే, మా, ధీరే” అన్నారు. తుడిస్తే ఇంకా పాకుతుందట. ఆరనివ్వాలట. ఇద్దరం చేతులు కట్టుకుని ఆ మచ్చ ఆరేదాకా కూర్చున్నాం.

నాకు ఏడుపు వచ్చినంత పనైంది. చుట్టూ చేరిన పిల్లలు చూస్తున్నారు. “నా చెయ్యి మంచిది కాదు మౌసా, ఇది నాకు రాదు” అన్నాను. ఆయన అడిగారు, “నువ్వేం పని చేస్తావమ్మా?” అని. బడిలో పాఠాలు చెబుతానన్నాను. “అదీ సంగతి. నీ చెయ్యి సుద్దముక్కకు అలవాటుపడ్డ చెయ్యి. బల్ల మీద నొక్కకపోతే అక్షరం పడదు. పట్టు మీద నొక్కితే బొట్టు పడుతుంది. చెయ్యి చెడ్డది కాదు, ఒక పని బాగా వచ్చిన చెయ్యి. ఇక్కడ ఇంకో పని” అన్నారు.

శ్రోతలారా, ఆ మాట వినగానే నాకు తట్టింది చేప కాదు. మా తొమ్మిదో తరగతి కుర్రవాడు ఒకడు తట్టాడు.

వాడిది తెలుగిల్లు. తండ్రి బజార్లో హమాలీ. కుర్రవాడు లెక్కల్లో చురుకు. ఒడియా రాత మాత్రం తప్పుల తడక. దసరా సెలవుల ముందు వాడి కాపీ పుస్తకం పేజీ అంతా ఎర్ర సిరాతో నింపి, తరగతి అందరి ముందూ, “ఒడియా రాదు, తెలుగూ రాదు, ఇంకేం చదువుతావురా నువ్వు?” అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. సెలవుల తర్వాత మళ్లీ బడికి రాలేదు. ఒకసారి కబురు పంపి ఊరుకున్నాను.

మూడో రోజు బొమ్మ పూర్తిచేశాను. చెయ్యి తేలిక చేసి, కుంచె మొన మాత్రం తగిలించి, ఊపిరి బిగబట్టి గీతలు లాగాను. మచ్చను ఆకుగానో నాచుగానో మార్చేద్దామా అని అడిగాను. “వద్దు, ఉండనీ. నీకు గుర్తుంటుంది” అన్నారు మౌసా. వాళ్ల ఇంట్లో ఆడవాళ్లు జిగురు కాచడం, గుడ్డ సిద్ధం చేయడమే కాదు, బొమ్మలూ వేస్తున్నారు. 2019 మే 3న ఫొని తుపాను వచ్చినప్పుడు ఆ ఊళ్లో కప్పులు ఎగిరి, పటాలు తడిసి పాడయ్యాయి. 2013లో ఫైలిన్ చూసిన గంజాం వాళ్లం, ఆ కష్టం మనకు ఒకరు చెప్పాలా? “తర్వాత ఏం చేశారు?” అన్నాను. “గుడ్డ ఆరేసుకుని, మళ్లీ ధడి దగ్గర మొదలుపెట్టాం” అంది కోడలు.

ఇంటికి వచ్చిన రాత్రే, నా దగ్గర ఉండిపోయిన ఆ కుర్రవాడి పుస్తకం తీశాను. నేను దిద్దిన పేజీలో పదిహేడు తప్పులు. ఈసారి తప్పుల్ని లెక్కపెట్టి వదిలేయలేదు, అవి ఎక్కడినుంచి వచ్చాయో చూశాను. పన్నెండు ఒకటే రకం. ఒడియాలో ఇల్లు అన్న మాటను ‘ఘర’ అని రాసి, ‘ఘొరొ’ అని పలుకుతారు. మన తెలుగులో ఎలా వింటే అలా రాస్తాం. వాడు విన్నదానికి ఒత్వం పెట్టాడు. పన్నెండు చోట్లా అదే చేశాడు. వాడికి రాయడం రాక కాదు, తెలుగు పద్ధతి వచ్చి ఉండటం వల్ల పడిన తప్పు అది. రెండు భాషలూ తెలిసిన నాకు అది చూడగానే తెలియాలి. ఇరవై ఏళ్ల నుంచి పాఠం చెబుతూ నేను చూడలేదు.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ పీట వేసి, “సంక్రాంతి వెళ్లాక సూరత్ పంపేద్దామనుకుంటున్నాం టీచరమ్మా. మా అన్న కొడుకు అక్కడ మగ్గాల్లో పని చేస్తున్నాడు. వీడికి చదువు రాదని మీరే అన్నారట కదా” అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. సంచిలోంచి బొమ్మ తీసి కుర్రవాడి చేతిలో పెట్టాను. వాడు మచ్చ చూసి, “ఇదేంటి మేడమ్?” అన్నాడు. ఎలా పడిందో చెప్పాను. “నేను ఆ రోజు అన్న మాట తప్పురా” అని కూడా చెప్పాను. తర్వాత ఆ పేజీ తెరిచి, ఒత్వం సంగతి తెలుగులోనే వివరించాను. పది నిమిషాలు పట్టింది. మిగతా పదకొండూ వాడే దిద్దుకున్నాడు.

సంక్రాంతి దాటిన తర్వాతి సోమవారం బడికి వచ్చాడు. ఇక చదువు ఆగదని, సూరత్ బండి ఎక్కడని నేను హామీ ఇవ్వలేను. ఇంటి ఇబ్బందులు నా పది నిమిషాల పాఠంతో తీరేవి కావు. వస్తున్నాడు, రాస్తున్నాడు. ఇప్పుడు నా ఎర్ర సిరా బుడ్డి త్వరగా అయిపోవడం లేదు.

మీరూ వెళ్లాలనుకుంటే రెండు మాటలు. వానాకాలంలో కన్నా చలికాలంలో వెళ్లండి, రంగు త్వరగా ఆరుతుంది. రుసుము, పట్టు ముక్క ధర ముందే విడివిడిగా మాట్లాడుకోండి. మొదటి రోజే పట్టు అడగకండి, పాత గుడ్డ మీద చెయ్యి తిరగనివ్వండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. నడివయసులో మళ్లీ అ ఆ లు దిద్దుతున్న అమ్మనో నాన్ననో వాళ్లు ఒకసారి చూడాలి.

ముఖ్యంగా మన ఉపాధ్యాయులకు నాదొక మనవి. ఏడాదికి ఒక్కసారైనా మనకు బొత్తిగా రాని పని ఒకటి, ఎవరి దగ్గరైనా కూర్చుని నేర్చుకుందాం. అది పట్టు మీద బొమ్మే కానక్కర్లేదు, ఈతైనా, తబలా అయినా, పక్కవాళ్ల భాషైనా సరే. తప్పు పడినప్పుడు మన చెయ్యి ఎలా వణుకుతుందో మనకు మళ్లీ తెలియాలి. అప్పుడు పిల్లవాడి తప్పు చూడగానే, ముందు అది ఎక్కడినుంచి వచ్చిందో అడుగుతాం. ఎర్ర సిరా ఆ తర్వాత.