ప్రోస్టేట్ ఆపరేషన్: నరాల సంగతి

ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉంటే, కొంతమందికి ఆపరేషన్‌తో గ్రంథినే తీసేస్తారు. ఒకప్పుడు ప్రాణం దక్కినా దాంపత్య సుఖం దాదాపు ముగిసినట్టే. అంగస్తంభనకు పనిచేసే నరాలు గ్రంథి లోపలి నుంచే వెళతాయని సర్జన్లు అనుకునేవారు మరి.

1981లో అమెరికా సర్జన్ పాట్రిక్ వాల్ష్ నెదర్లాండ్స్‌లోని లైడెన్ వెళ్లారు. అక్కడ రిటైరైన ప్రొఫెసర్ పీటర్ డోంకర్‌తో కలిసి, మృతశిశువు దేహంలో ఆ నరాలను వెతికారు. పెద్దవాళ్లలో కంటే శిశువులో నరాలు తేటగా కనిపిస్తాయి. తీరా చూస్తే అవి గ్రంథి లోపల లేవు! బయట ఉన్నాయి. రెండు పక్కలా, గ్రంథిని అంటిపెట్టుకుని. మరుసటి ఏడాదే అమెరికాలోని బాల్టిమోర్‌లో వాల్ష్ నరాలను వదిలి గ్రంథిని మాత్రమే తీశారు.

అందరికీ ఇది కుదరదు. కణితి నరాల దాకా పాకితే ఆ పక్క నరాలనూ తీయాల్సిందే. ముందు క్యాన్సర్ పోవాలి కదా. నరాలు మిగిలినా వెంటనే పనిచేయవు. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఆపరేషన్ తర్వాత మూత్రం మీద పట్టు కూడా మెల్లగానే తిరిగి వస్తుంది. దానికి కటి కండరాలు బిగించే వ్యాయామం నేర్పుతారు.

మనవాళ్లు ఇవన్నీ అడగడానికి సిగ్గుపడతారు. ఆపరేషన్‌కు ముందే అడగండి. వీలైతే భార్యాభర్తలిద్దరూ వెళ్లండి. “డాక్టర్ గారూ, నా నరాలు ఉంచగలరా? రెండు పక్కలా, ఒక పక్కేనా?” అని సూటిగా అడగండి.