నల్లమల నీలి సాలీడు

నంద్యాలనుండి గిద్దలూరుకు పోయే దారి నల్లమల అడవిని దాటి పోతుంది. ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్ళే యాత్రికులు చూచే కొండలు కూడ ఈ నల్లమలవే. పులులకు ప్రసిద్ధికెక్కిన ఈ అడవిలోని ఒక సాలెపురుగును గురించి శ్రోతలకు మనవి చేయదలచినాము.

సాలెపురుగు అనగానే ఇల్లాండ్రు చీపురు అందుకొంటారని ఎరుగుదుము. ఇది ఇంటి మూలల గూడుకట్టే జాతి కాదు. కాళ్ళు చాచితే అరచేతిని కప్పుతుంది. ఒళ్ళంతా నెమలికంఠపు నీలం. ఆ నీలం రంగుపదార్థము వలన వచ్చినది కాదు. వెంట్రుకల లోపలి అతిసూక్ష్మమైన అమరికపై వెలుగు పడి, నీలికాంతి మాత్రమే మన కంటికి మరలి వస్తుంది. ముసలి చెట్ల తొర్రలలో దీని కాపురము. రాత్రివేళ పురుగుల వేట.

1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని పోసిలోథీరియా మెటాలికా అన్న పేరుతో లోకానికి పరిచయము చేసినాడు. ఆయన చూచిన నమూనా గుత్తిలో, రైల్వేవారి కలప అడితిలో దొరికినది. అందుచేత ఇంగ్లీషులో నేటికీ దీనికి గుత్తి పేరే నిలిచినది. తరువాత 102 సంవత్సరాలు దీని జాడ లేదు. 2001లో మరల కనిపించినది గుత్తిలో కాదు, అక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరాన, నంద్యాల గిద్దలూరుల నడుమ అడవిలో! పాపము, ఆ మొదటి సాలీడు కలపతోబాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ.

కోయంబత్తూరులో జూ ఔట్‌రీచ్ ఆర్గనైజేషన్ అనే సంస్థ ఉన్నది. లాభాపేక్ష లేనిది. అధికారము లేదు, లాఠీ లేదు. ఉన్నదల్లా శాస్త్రజ్ఞానము, ఓపిక. అక్కడి సంజయ్ మోలూర్, డేనియల్ గారలు మంజు సిలివాల్ గారితో కలిసి ఈ జీవి స్థితిని అంచనా కట్టినారు. దీని నివాసము 100 చదరపు కిలోమీటర్లకు లోపేనని, ఆ కొద్ది అడవి కూడ చెట్లనరకుటచే చెడుచున్నదని తేలినది. దానిపై 2008లో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘము తన ఎర్ర జాబితాలో దీనిని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతిగా చేర్చినది.

జాబితాలో పేరెక్కినంత మాత్రాన ఒరిగేదేమిటని కొందరడుగవచ్చును. విదేశాలలో ఇటువంటి సాలీళ్ళను గాజుపెట్టెలలో పెంచుకొనే వేడుకరులున్నారు. వారికి అమ్మే వ్యాపారము కలదు. 2019లో జెనీవాలో వన్యజీవుల వ్యాపార ఒడంబడిక దేశాలు సమావేశమై, శ్రీలంక, అమెరికాల ప్రతిపాదనపై ఈ ప్రజాతినంతటినీ రెండవ అనుబంధములో చేర్చినవి. అనగా, ఎగుమతికి అనుమతిపత్రము కావలె. ఆ ఎగుమతివల్ల జాతికి చేటు లేదని శాస్త్రాధికారులు చెప్పవలె. ఎవరో అడవికి పోయి చూచి వ్రాయనిదే ఇటువంటి వాదనకు ఆధారమెక్కడిది?

అయితే ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. రక్షించుమని కోరవలెనన్న అది ఎక్కడున్నదో చెప్పక తప్పదు; చెప్పితే దొంగకు చిరునామా ఇచ్చినట్లే.

అడవి మాట కూడ ఒకటున్నది. జెనీవా తీర్మానము నల్లమల గొడ్డలిని ఆపలేదు. తొర్ర పట్టిన చెట్టు కలపకు పనికిరాదని ముందు దానినే కొడతారు. తొర్ర ఏర్పడుటకు ఎన్నో ఏండ్లు కావలె. గుడ్లగూబకూ, చిలుకకూ అటువంటి తొర్రలే ఇండ్లు. అట్లని నెత్తిన ఎండుపుల్లల మోపుతో వచ్చే ఇల్లాలిని దోషిగా నిలబెట్టే ప్రచారమును మేము హర్షించము. ఆమె పొయ్యికి వేరొక దారి చూపినవారే ఆ మాట అనదగుదురు.

ఆ దారిన పోయే శ్రోతలకు ఎప్పుడైనా ఇది కంటబడితే తాకవద్దు, కాటు బాధిస్తుంది. అటవీశాఖవారికి తెలుపవచ్చును. ఏ మలుపు, ఏ చెట్టు అన్నది మాత్రము మరెవరికీ చెప్పకండి. మేమును ఇక్కడ చెప్పలేదు.